లీజు లెక్కలు – 4వ పాఠం: పోర్టు దగ్గరి ట్యాంకు అద్దె

పోయిన పాఠంలో ఒప్పందంలో లీజు ఉందా లేదా తేల్చుకున్నాం. ఈసారి అంకెలు వేద్దాం. ఎక్సెల్ తెరిచి పెట్టుకోండి.

ముందు ఓ పేరు గొడవ. లీజుల అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 116 వచ్చాక, అంటే 2019 ఏప్రిల్ 1 నుంచి, అద్దెకు తీసుకునేవాళ్ల పుస్తకాల్లో ‘ఆపరేటింగ్ లీజు’ (ఆస్తీ బాకీ చూపకుండా అద్దెను ఖర్చుగా రాసేసేది) అనేదే లేదు. ఆపరేటింగ్, ఫైనాన్స్ లీజుల తేడా అద్దెకిచ్చేవాళ్లకే మిగిలింది. పాత ప్రమాణం ఏఎస్ 19 పాటించే కంపెనీల్లో మాత్రం పాత పద్ధతే నడుస్తోంది.

మన ఊహా కంపెనీ విశాఖలో పోర్టు దగ్గర ఒక ఇంధన ట్యాంకును 2025 ఏప్రిల్ 1 నుంచి 5 ఏళ్లకు అద్దెకు తీసుకుంది. అద్దె ఏడాదికి 8 లక్షలు. దాని మీద కిలోలీటరుకు 100 రూపాయల వాడుక ఛార్జీ, ఏటా కనీసం 2,000 కిలోలీటర్లకు. అంతా మార్చి 31న కట్టాలి. వడ్డీ రేటు 9%.

ఎక్కువమంది బోల్తా పడేది ఈ ఛార్జీ దగ్గరే. వాడకాన్ని బట్టి మారేది కదా అని మొత్తం వదిలేస్తారు. సరుకు నింపినా నింపకపోయినా 2 లక్షలు కట్టక తప్పదు. పేరుకు మారేదే అయినా అది ఖాయమైన బాకీ. కాబట్టి ఏటా 10 లక్షలు. 2,000 దాటిన కిలోలీటర్ల ఛార్జీ మాత్రమే ఏ ఏడాదికాయేడు ఖర్చు. జీఎస్టీని ఇందులో కలపకండి.

ఎక్సెల్‌లో పీవీ (ఇకముందు కట్టే మొత్తాల నేటి విలువ) ఫంక్షన్‌లో 9%, 5, మైనస్ 10,00,000 ఇస్తే 38,89,651 వస్తుంది. అదే లీజు లయబిలిటీ, అంటే పుస్తకాల్లో చూపాల్సిన బాకీ. వేరే ఖర్చులూ ముందస్తు చెల్లింపులూ లేవు గనుక వాడుక హక్కు ఆస్తి (ట్యాంకును వాడుకునే హక్కు) విలువ కూడా అంతే. కనీస ఛార్జీ వదిలేసి ఉంటే రెండు వైపులా 7,77,930 తగ్గిపోయేది.

మొదటి ఏడాది వడ్డీ 3,50,069. అది కలిపి, 10 లక్షలు తీసేస్తే మిగిలేది 32,39,720. ఆస్తి మీద తరుగుదల 7,77,930. రెండూ కలిపి ఖర్చు 11,27,999, కట్టిన దానికంటే ఎక్కువే. అయిదో ఏడాదికి అది దాదాపు 8,60,500కి దిగుతుంది. కంగారు పడకండి, 5 ఏళ్ల మొత్తం 50 లక్షలే.

బ్యాలెన్స్ షీట్‌లో ఇంకో పొరపాటు: 2026 మార్చి 31న ‘ఏడాదిలోపు తీర్చాల్సిన భాగం’ కింద 10 లక్షలు వేసేయడం. అందులో 2,91,575 ఇంకా పుట్టని వడ్డీ. అసలు 7,08,425 మాత్రమే అక్కడికి వెళ్లాలి, మిగతా 25,31,295 దీర్ఘకాలికం.

రేటు సంగతి. లీజులో ఇమిడి ఉన్న రేటు (అద్దెకిచ్చేవాళ్లు లెక్కగట్టుకున్న వడ్డీ రేటు) తెలియకపోతే, అంతే కాలానికి, అలాంటి హామీ మీద, అంత విలువకు అప్పు తెస్తే ఎంత పడేదో అది వాడాలి. క్యాష్ క్రెడిట్ రేటు చేతిలో ఉంది కదా అని వేసేయకండి, అది వర్కింగ్ క్యాపిటల్‌ది, అంటే రోజువారీ వ్యాపార అవసరాల అప్పుది.

చమురు, గ్యాస్ వెతకడానికి తీసుకున్న లీజులు ఈ ప్రమాణంలోకి రావు. ఆ పనికి అద్దెకు తెచ్చిన రిగ్గు మాత్రం రావచ్చు.

అభ్యాసం: ఇదే అద్దె ప్రతి ఏప్రిల్ 1న ముందే కట్టాలనుకోండి. ఆస్తి 42,39,720, తొలి చెల్లింపు అయ్యాక లయబిలిటీ 32,39,720 రావాలి. రాకపోతే పీవీ ఫంక్షన్‌లో చివరి గడి ఖాళీగా వదిలేశారేమో చూడండి. అక్కడ 1 ఉండాలి.