కాన్సెప్ట్ ఆల్బమ్ వినడం – 5వ పాఠం: మేరీని ఎవరు చంపారు?

పోయిన పాఠం చివర ఒకే ప్రశ్న ఇచ్చాను: క్వీన్స్‌రైక్ బ్యాండ్ చేసిన కాన్సెప్ట్ ఆల్బమ్ (పాటలన్నీ కలిసి ఒకే కథ చెప్పేది) ‘ఆపరేషన్: మైండ్‌క్రైమ్’లో సిస్టర్ మేరీ ఎలా చనిపోయింది? మీ సమాధానాలు చదివాక, ఈసారి చెబుతానన్న జంట గిటార్ల పాఠం పక్కన పెట్టక తప్పలేదు. కథ చెప్పే నిక్కీ చంపాడని కొందరు, అతన్ని వాడుకునే గుంపు నాయకుడు డాక్టర్ ఎక్స్ చంపించాడని కొందరు, ఆత్మహత్యని ఇంకొందరు రాశారు. ఎవరికి వారు కళ్లారా చూసినట్టే రాశారు. ‘నాకు అలా అనిపించింది’ అన్నవాళ్లు చాలా తక్కువ.

1988లో వచ్చిన ఆ ఆల్బమ్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఎన్నిసార్లు విన్నా అందులో హంతకుడి పేరు వినిపించదు. మరి మీకు అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? వినకముందే ఎవరో రాసిన కథాసారాంశం చదివేశారు. చదివింది, విన్నది కలిసిపోయి, అంతా విన్నట్టే అనిపించింది.

అందుకే ఇకమీదట నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి. మొదటి దాంట్లో చెవికి వినిపించినది మాత్రమే. రెండో దాంట్లో దాన్నిబట్టి మీరు ఊహించినది. మూడో దాంట్లో బయట నుంచి తెలిసినది, అంటే సారాంశాలు, ఇంటర్వ్యూలు, తర్వాత వచ్చిన ఆల్బమ్‌లు. మూడో గడి తప్పని నేననడం లేదు. అది మొదటి గడిలోకి జారకూడదు, అంతే.

మేరీ విషయంలో మొదటి గడిలోకి వచ్చేవి చూద్దాం. ‘స్వీట్ సిస్టర్ మేరీ’ మొదట్లో ఒక ఆజ్ఞ వినిపిస్తుంది: మేరీని చంపు, ఆ చర్చి ఫాదర్‌ని కూడా. తర్వాత పాట పది నిమిషాలు దాటి సాగుతుంది. లాటిన్ బృందగానం, దాని మీద నిక్కీగా జెఫ్ టేట్, మేరీగా పమేలా మూర్ గొంతులు ఒకదానికొకటి ఎదురు పాడతాయి. ఆ బృందగానాన్నీ వాద్యబృందాన్నీ కూర్చింది మైకేల్ కేమెన్. ప్రొడ్యూసర్ పీటర్ కాలిన్స్, అంతకుముందే రష్ బ్యాండ్‌తో పనిచేసినవాడు. ఆ తర్వాతి పాటలో నిక్కీ డాక్టర్ ఎక్స్ గుంపులోంచి బయటపడాలని చూస్తాడు, మత్తుమందు అతన్ని వదలదు. దాని వెనకే ‘ఎలక్ట్రిక్ రెక్వియమ్’. అక్కడికి వచ్చేసరికి మేరీ శవమై ఉంది. ఆ ఆజ్ఞకీ శవానికీ మధ్య ఏం జరిగిందో ఆల్బమ్ మనకి వినిపించలేదు.

ఆ ‘ఎలక్ట్రిక్ రెక్వియమ్’ నిడివి నిమిషంన్నర కూడా లేదు. నాకు చిరాకు తెప్పించే పొరపాటు ఇక్కడే జరుగుతుంది కాబట్టి కాస్త సాగదీసి చెబుతాను. చాలామంది చిన్న ట్రాక్ కనబడగానే అది ‘మధ్యలో వచ్చే మ్యూజిక్’ అనుకుని తర్వాతి పాటకి దూకేస్తారు. పెద్ద పాటల్లో కథ ఉంటుందని, చిన్నవి అలంకారమని లెక్క. ఈ ఆల్బమ్‌లో మొత్తం 15 ట్రాక్‌లు. అందులో అన్నిటికన్నా పెద్ద సంఘటన ఒక నిమిషం చిల్లరలో ఉంది. దాన్ని దాటేస్తే ‘బ్రేకింగ్ ద సైలెన్స్’లో నిక్కీ ఎవరి కోసం అలా అరుస్తూ తిరుగుతున్నాడో అర్థం కాదు, ‘ఐ డోంట్ బిలీవ్ ఇన్ లవ్’ మామూలు విరహగీతంలా తోస్తుంది. నిజానికి కొందరు అదే రాశారు. ‘వెయిటింగ్ ఫర్ 22’, ‘మై ఎంప్టీ రూమ్’ కూడా అంతే: రెండూ కలిపినా మూడు నిమిషాలు కావు, కానీ గోడల మధ్య ఒంటరిగా మిగిలిన మనిషి అక్కడే ఉన్నాడు. మొదటి ట్రాక్‌నైతే అసలు వదలకూడదు. ఆసుపత్రి, నర్సు గొంతు, మంచం మీద నిక్కీ, ఒక్కసారిగా జ్ఞాపకం రావడం. అంటే తర్వాత మనం వినేదంతా మత్తులో ఉన్న మనిషి గుర్తుచేసుకుంటున్న సంగతి. కథ చెప్పేవాడికే సరిగ్గా గుర్తులేనప్పుడు హంతకుడు ఎవరో మనకి ఖాయంగా ఎలా తెలుస్తుంది? ఆ ఖాళీ రచనలో లోపం కాదు. ఆల్బమ్ మొత్తం నిలబడింది దాని మీదే.

కాబట్టి షఫుల్ ఆపేయండి. క్రాస్‌ఫేడ్ సున్నా చేయండి. అది ఆన్‌లో ఉంటే ఒక ట్రాక్ చివరి మాటలు తర్వాతి దాని మొదలుతో కలిసి రెండూ పాడవుతాయి. నా పద్ధతి ఒకటి చెబుతాను: రెండోసారి వినేటప్పుడు ప్రతి ట్రాక్‌లో మొదటి 20 సెకన్లు, చివరి 20 సెకన్లు మాత్రమే వింటాను. అతుకుల దగ్గర బ్యాండ్ ఏం ఆలోచించిందో పాట మధ్యలో కన్నా అక్కడే బాగా తెలుస్తుంది. సాహిత్యం మూడోసారి దాకా తెరవను.

కొందరు వేరే సందేహం రాశారు: ‘ఇంత గొప్పదైతే అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 50వ స్థానం దగ్గరే ఎందుకు ఆగింది?’ ఇక్కడా అదే పొరపాటు. ఒక కాలపు మాటను ఇంకో కాలానికి అంటగడుతున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ ఆల్బమ్ ‘సెవెన్త్ సన్ ఆఫ్ ఎ సెవెన్త్ సన్’ బ్రిటన్‌లో 1వ స్థానానికి వెళ్లింది. అందులో కథ వదులుగా ఉంటుంది. ఏ పాటకా పాట విడిగా నిలబడుతుంది కాబట్టి సింగిల్స్‌గా బాగా పనికొచ్చాయి. మైండ్‌క్రైమ్ అలా కాదు, మొత్తం వింటేనే పట్టు దొరుకుతుంది, దానికి టైం పడుతుంది. 1990లో క్వీన్స్‌రైక్ తర్వాతి ఆల్బమ్ ‘ఎంపైర్’ వచ్చి, దానిలోని ‘సైలెంట్ లూసిడిటీ’ పాట పాప్ చార్టుల్లో 9వ స్థానానికి చేరాక కొత్త శ్రోతలు వెనక్కి వెళ్లి మైండ్‌క్రైమ్‌ని పట్టుకున్నారు. ఆ టూర్‌లో బ్యాండ్ దాన్ని మొదటి నుంచి చివరి దాకా వాయించింది. ఆ రికార్డింగ్ 1991లో ‘ఆపరేషన్: లైవ్‌క్రైమ్’గా వచ్చింది. అందుకని ఆదరణ గురించి రాసేటప్పుడు పక్కన ఏడాది వేయండి, ఏ దేశపు చార్టో రాయండి.

2006లో వచ్చిన మైండ్‌క్రైమ్ రెండో భాగం గురించి అడిగారు. అందులో డాక్టర్ ఎక్స్ గొంతు రోనీ జేమ్స్ డియోది. వినండి, కానీ అది మొదటి భాగానికి మూడో గడిలోకే వెళ్తుంది. నాకు మొదటి భాగమే చాలు.

ఇలా అతుకుల్లో పనిచేసేవి ఇంకా ఉన్నాయి. ఓపెత్ బ్యాండ్ 1998లో చేసిన ‘మై ఆర్మ్స్, యువర్ హర్స్’లో ఒక పాట సాహిత్యం ఏ మాటతో ముగుస్తుందో, అదే తర్వాతి పాట పేరు. కింగ్ డైమండ్ అనే గాయకుడి ‘అబిగైల్’ ఆల్బమ్ 1987ది. అక్కడ ఒకే మనిషి సన్న గొంతు, బండ గొంతు మార్చి మార్చి పాత్రలన్నీ పలుకుతాడు. ఎవరు మాట్లాడుతున్నారో పేర్లు చూడకుండా గొంతునిబట్టి పట్టుకోవడం మంచి సాధన.

ఈసారి అభ్యాసం కొంచెం కష్టమే. డ్రీమ్ థియేటర్ బ్యాండ్ 1999 ఆల్బమ్ ‘మెట్రోపొలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ 77 నిమిషాలు ఉంటుంది. మధ్యలో ఆపకుండా వినాలి. సారాంశం చదవొద్దు, చదివేసినవాళ్లు ‘అబిగైల్’ తీసుకోండి. మిగతావాళ్లు మర్నాడు డ్రీమ్ థియేటర్ ఆల్బమ్ చివరి పాట ‘ఫైనలీ ఫ్రీ’లో ఆఖరి రెండు నిమిషాలు మాత్రం మూడుసార్లు విని మూడు గళ్లు నింపండి. చివర్లో వినిపించే గరగర శబ్దం మొదటి గడిలో తప్పకుండా ఉండాలి. తర్వాత అదే బ్యాండ్ నుంచి 2002లో వచ్చిన ‘సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఇన్నర్ టర్బులెన్స్’ మొదటి కొన్ని సెకన్లు వినండి. అక్కడ వినిపించింది ఏ గడిలో వేస్తారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి పంపండి.