మా సోలార్ ఇంట్లో ఆర్క్ ఫాల్ట్ ఎలా పోయిందంటే

అమెరికాలో ఎం.ఎస్. చదివేటప్పుడు సోలార్ డెకథ్లాన్ కోసం మా టీమ్ కట్టిన ఇంట్లో కరెంటు పని నాది. సోలార్ కరెంటుతో నడిచే ఇళ్లను యూనివర్సిటీ విద్యార్థులు కట్టి చూపించే పోటీ అది, 2002లో వాషింగ్టన్‌లో మొదలైంది. పేరుకు తగ్గట్టే పది విభాగాలు.

ఎండ ముదరగానే మా ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే పెట్టె) ‘ఆర్క్ ఫాల్ట్’ అని, అంటే వైర్లలో ఎక్కడో కరెంటు సందు దాటి నిప్పురవ్వలా దూకుతోందని, చూపించి ఆగిపోయేది. పొద్దున మామూలే. రెండు రోజులు ఇన్వర్టర్‌నే అనుమానించాం, అనవసరంగా. మల్టీమీటర్‌తో చూస్తే రెండు స్ట్రింగుల (వరుసగా కలిపిన ప్యానెళ్ల) ఓల్టేజీ సరిగ్గానే ఉంది. లోడ్ లేనప్పుడు వదులు జాయింటు బయటపడదు మరి. ఇన్వర్టర్ నడుస్తుండగా థర్మల్ కెమెరాతో కప్పు మీది వైర్లన్నీ చూశాను. ఒక్క కనెక్టర్ మాత్రం మిగతావాటికన్నా బాగా వేడిగా కనిపించింది. తొందరలో ప్లయర్‌తో నొక్కేసిన క్రింపు (వైరు కొనకు లోహపు పిన్ను నొక్కి బిగించిన చోటు) అది.

ముందు ఇన్వర్టర్, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటును తెంచే స్విచ్) ఆపాను. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే మంట లేస్తుంది, దయచేసి ఎవరూ అలా చేయొద్దు. రెండు కొనలూ కత్తిరించి, రెండు వైపులా ఒకే కంపెనీ కనెక్టర్లు తీసుకుని, సరైన క్రింపింగ్ టూల్‌తో బిగించి, గట్టిగా లాగి చూశాను.

ఆ మధ్యాహ్నం టెన్షన్‌తో ఇన్వర్టర్ ముందే కూర్చున్నాను. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు.