మేస్త్రి చెప్పిన రేటు సబబేనా? ఇంటి పనుల్లో తేడా ఎక్కడొస్తుంది, ఎలా సరిచేసుకోవాలి

చదరపు అడుగు లెక్కయినా, గుత్తయినా, కరెంటు పనిలోలా పాయింటు లెక్కయినా ముందు దాన్ని రోజుకూలిలోకి మార్చి చూడాలి. ఆ రేటుకు రోజుకు ఎంత డబ్బు వస్తుంది, అందులోంచి ఎంతమందికి కూలి పోవాలి? ఈ రెండూ తెలిస్తే ఎక్కువ చెప్పారా తక్కువ చెప్పారా అన్నది తెలిసిపోతుంది. తక్కువ చెప్పినా ప్రమాదమే. కూలి గిట్టని పని ఎక్కడో ఒకచోట చెడుతుంది.

సమస్య: ముగ్గురిని అడిగితే మూడు రేట్లు, ఒకరికొకరికి రెట్టింపు తేడా

కారణం: ముగ్గురూ ఒకే పనికి రేటు చెప్పలేదు. ఒకరు పాత ప్లాస్టింగ్ కొట్టి, చెత్త దించడంతో సహా చెప్పారు. ఇంకొకరు కొత్త ప్లాస్టింగ్‌కు మాత్రమే చెప్పారు. మూడో ఆయన పరంజా అద్దె, మేడ మీదికి ఇసుక మోత కూడా కలుపుకున్నారు.

పరిష్కారం: ఒక కాగితం మీద పనంతా రాసి ముగ్గురికీ అదే చూపించండి. పాత పూత కొట్టేదెవరు, చెత్త ట్రాక్టరు ఎవరిది, ఇసుక మోత ఎవరిది, పరంజా ఎవరిది, ప్లాస్టింగ్ అయ్యాక వారం రోజులు నీళ్లు కొట్టేదెవరు, రంగుల పనైతే లప్పం (పుట్టీ) ఎన్ని చేతులు, అంటే ఎన్ని పూతలు, ప్రైమర్ ఉందా లేదా. ఇవన్నీ తేలాక వచ్చే రేట్లనే పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక లెక్క. లోపలి గోడకు 12 మిల్లీమీటర్ల మందం ప్లాస్టింగ్ అయితే ఒక బేల్దారి (తాపీ పనివాడు), ఒక చెయ్యిమనిషి కలిసి రోజుకు దాదాపు 100 చదరపు అడుగులు చేస్తారు. ఉదాహరణకు బేల్దారికి 1,000, చెయ్యిమనిషికి 700 అనుకుందాం (మీ ఊళ్లో నడిచే కూలి వేసుకోండి, ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డా దగ్గర అడిగితే ఆ వారం కూలి తెలుస్తుంది). రోజుకు 1,700 అంటే అడుగుకు 17 రూపాయలు. మనుషుల్ని కుదిర్చి, పనిముట్లు తెచ్చి, పని చూసే మేస్త్రికి 15 నుంచి 20 శాతం కలిపితే 20 రూపాయల దరిదాపు. ఇదే పనికి 12 రూపాయలు చెప్పారంటే రోజుకు 1,200 మాత్రమే వస్తుంది, ఇద్దరి కూలికే చాలదు. గిట్టించుకోవడానికి గోడ తడపకుండా, మట్టం చూడకుండా పరుగెత్తాలి, లేదా సగంలో రేటు పెంచమనాలి. 35 చెప్పారంటే కోపగించుకోకుండా అందులో ఏమేం కలిశాయో అడగండి. బయటి గోడ, రెండో అంతస్తు, పరంజా ఉంటే ఆ రేటు సబబే కావచ్చు.

సమస్య: రేటు తక్కువే, బిల్లు మాత్రం ఇంటి కొలతను మించిపోయింది

కారణం: అడుగు అంటే ఏ అడుగో మాట్లాడుకోలేదు. ఇది రంగుల పనిలో ఎక్కువ. 10 × 12 గది, ఎత్తు 10 అడుగులు అనుకోండి. నేల 120 చదరపు అడుగులే. నాలుగు గోడలు 440, సీలింగు 120, మొత్తం 560. నేల కొలతకు చెప్పిన రేటుకూ గోడ కొలతకు చెప్పిన రేటుకూ ఈ గదిలో నాలుగు రెట్లకు పైనే తేడా.

పరిష్కారం: పని మొదలుకాకముందే టేపు పట్టుకుని మేస్త్రితో కలిసి గది గదికీ కొలిచి, కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి. తలుపులు, కిటికీల తగ్గింపుకు ఐఎస్ 1200 అనే భారత ప్రమాణాల కొలతల పద్ధతి ఉంది. అర చదరపు మీటరు లోపు ఖాళీకి ఏమీ తగ్గించరు. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా గోడకు ఒక వైపు మాత్రమే తగ్గిస్తారు, అంచుల పని విడిగా కలపరు. మామూలు తలుపు 21 చదరపు అడుగులు, అంటే 2 చదరపు మీటర్ల లోపే. కాబట్టి రెండు వైపులా పని చేయించినప్పుడు ఒక వైపే తలుపు కొలత తగ్గించమని, రెండో వైపు తగ్గించొద్దని మేస్త్రి అడిగితే అది మోసం కాదు.

సమస్య: సామాను చాలలేదంటూ మళ్లీ మళ్లీ కొనిపిస్తున్నారు

కారణం కొలత తెలియకపోవడం, లేదా కొట్టువాళ్లు మేస్త్రికి ఇచ్చే కమీషన్. అంచనా మీ దగ్గర ఉంటే రెండూ ఉండవు. టూ బై టూ టైల్ అసలు కొలత 600 మిల్లీమీటర్లు. నాలుగు టైల్స్ పెట్టె 16 కాదు, 15.5 చదరపు అడుగులే వస్తుంది. ఇందాకటి 10 × 12 గదికి నేలకు 31 టైల్స్, కోతలకు 3, గోడ అడుగున వేసే నాలుగంగుళాల పట్టీకి (స్కర్టింగు) 4. మొత్తం 38, అంటే 10 పెట్టెలు. 14 అడిగితే ఎందుకో చెప్పమనండి. ప్లాస్టింగ్‌కు 100 చదరపు అడుగులకు దాదాపు ఒక సిమెంటు బస్తా. గోడ వంకరైతే ఇంకా పడుతుంది. సామాను తెచ్చిపెట్టే శ్రమకు మేస్త్రికి ఇంత అని ముందే బాహాటంగా ఇచ్చేయడం మేలు, కమీషన్ కోసం నాసిరకం సరుకు తెచ్చే అవసరం ఉండదు.

గ్రానైటు క్వారీలున్న చీమకుర్తి ఒంగోలుకు దగ్గరే కదా, రాయి చౌక అనుకుంటారు. రాయి చౌకైనా అంచు మోల్డింగు రన్నింగ్ అడుగు (పొడవు అడుగు) లెక్క, సింకు కోత విడిగా, పరచడం విడిగా ఉంటాయి. పలక నుంచి మిగిలే ముక్కలకూ డబ్బు మీరే కడతారు. ఈ నాలుగూ కలిపి రేటు అడగండి.

సమస్య: రోజుకూలికి పెడితే పని సాగుతూనే ఉంది

పగలగొట్టి చూస్తే తప్ప తెలియని లీకులు, చెమ్మ పనులకు రోజుకూలే సరైనది; గుత్త అడిగితే భయానికి ఎక్కువ చెబుతారు. ప్లాస్టింగ్, టైల్స్, రంగులకు అడుగు లెక్క. రోజుకూలిలో జాప్యానికి తరచూ కారణం మీ వైపే ఉంటుంది. తొమ్మిదింటికి ఇసుక రాకపోతే ఇద్దరికీ సగం పూట కూలి వృథా. సామాను ముందురోజే దించుకోండి.

సమస్య: సముద్రం దగ్గరి ఇల్లు, రంగు వేసిన కొన్నాళ్లకే గోడ పొరలు లేస్తోంది

కొత్తపట్నం, మైపాడు వంటి తీరం ఊళ్లలో గోడకు ఉప్పు పడుతుంది. ఉప్పు బోరు నీళ్లతో ప్లాస్టింగ్ చేసి, తడిపితే ఇంకా ఎక్కువ. తక్కువ రేటు మేస్త్రి దాని మీదే లప్పం పెడతాడు. చెమ్మ గీత పైన కనీసం అడుగున్నర దాకా పాత పూత కొట్టేసి, ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి (నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికి ఇంకుతుంది), గోడ పూర్తిగా ఆరాక మంచినీళ్లతో మళ్లీ పూయాలి. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో ముందు ఆపాలి. ఈ పనికి, ట్యాంకరు నీళ్లకు విడిగా రేటు రాయించుకోండి. దీన్ని కలిపి చెప్పిన ఎక్కువ రేటే ఇక్కడ నిజంగా చౌక.

సమస్య: అడ్వాన్సు తీసుకుని రావడం మానేశారు

కారణం: మొదటే పెద్ద మొత్తం ఇచ్చారు, ఆ డబ్బు ఇంకో ఇంటి కూలికి పోయింది. సంక్రాంతి ముందు రంగుల పనివాళ్లకు గిరాకీ కాబట్టి ఈ తంటా అప్పుడే ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఒంగోలు, నెల్లూరు వైపు వానలు, బయటి గోడల పని ఎలాగూ ఆగుతుంది. తొందర లేని పని పండగ దాటాక పెట్టుకుంటే బేరం ఆడే వీలుంటుంది.

పరిష్కారం: అడ్వాన్సు 10 శాతం మించొద్దు. తర్వాత వారం వారం కొలిచి, అడ్వాన్సుతో కలిపి అయిన పనికి 90 శాతం దాకా ఇవ్వండి. కూలీలకు ఆ వారమే కూలి అందాలి, అది ఆపకండి. మిగిలిన 10 శాతం పరీక్ష అయ్యాక ఇవ్వాలి. టైల్ మీద రూపాయి బిళ్లతో నాలుగు మూలలా, మధ్యలో కొట్టి వినండి, డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు నిండలేదు. బాత్రూములో నీళ్లు 24 గంటలు నిలబెట్టి కింది సీలింగు చూడండి. డాబా పనైతే మొదటి పెద్ద వాన దాకా ఆ డబ్బు ఉంచుకుంటామని కాగితం రాసిన రోజే చెప్పాలి.