కుక్కపిల్ల రక్త విరేచనాలకు కారణమైన వైరస్‌ను సీక్వెన్సింగ్‌తో తేల్చడం ఎలా

మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చే పీజీ పిల్లలు శాంపిల్ అందగానే సీక్వెన్సింగ్‌కి (జీన్‌లోని అక్షరాల వరుస చదవడానికి) పంపేద్దామంటారు. నేను ముందు అడిగేది టీకా ఎప్పుడు వేశారని. కేస్ షీట్‌లో తేదీ లేకపోతే ఓనర్‌కి ఫోన్ చేయండి. ఇలాంటి కేసుల్లో మనం ముందు వెతికేది పార్వో వైరస్‌ని. దాని టీకాల్లో ఎక్కువగా ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. టీకా వేసిన కొన్ని రోజులకు అది మలంలోనూ పడుతుంది, పీసీఆర్ (వైరస్ డీఎన్ఏని ఎన్నో రెట్లు పెంచి పట్టే పరీక్ష) దాన్నీ పాజిటివ్‌గానే చూపిస్తుంది.

జబ్బు మొదలైన తొలి రోజుల్లోనే రెక్టల్ స్వాబ్ (మలద్వారంలో తిప్పిన దూది పుల్ల) తీసి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో వేసి, థర్మకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్‌లతో పంపండి. ఆలస్యమైతే మలంలో వైరస్ తగ్గిపోతుంది. పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలు మలంలో ఎప్పుడూ ఉంటాయి. జెల్‌లో బ్యాండ్ (పాజిటివ్ గీత) రాలేదని వెంటనే నెగెటివ్ రాసేయకండి, డీఎన్ఏని పది రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టి చూడండి.

ఇక అసలు పని. పార్వో జీనోమ్ సుమారు 5,200 బేస్‌లు. మనకు కావాల్సింది వైరస్ పై తొడుగు ప్రొటీన్‌ని తయారుచేసే వీపీ2 జీన్. అందులో 426వ కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలు) ఏఏటీ అయితే పార్వో 2ఏ రకం, జీఏటీ అయితే 2బీ, జీఏఏ అయితే 2సీ. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, నాకు చిరాకు అక్కడే. 1978లో బయటపడ్డ పాత టైప్ 2కి కూడా ఆ చోట ఏఏటీయే! కొన్ని టీకాల్లో ఉన్నది ఆ పాత రకమే. అందుకే 300, 305 స్థానాలు కూడా చదవాలి. పాత రకంలో అక్కడ అలనీన్, ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటాయి, 2ఏలో గ్లైసిన్, టైరోసిన్. పీసీఆర్‌లో ఏ ముక్క పెరగాలో నిర్ణయించేవి ప్రైమర్లు. 555 ప్రైమర్ల ముక్కలో ఈ రెండు స్థానాలూ రావు, హెచ్‌ఫర్-హెచ్‌రెవ్ అనే ప్రైమర్ జత తీసుకోండి. టీకా 2బీ రకంది అయితే ఈ లెక్క సరిపోదు కాబట్టి సీసా లేబుల్ కూడా అడగండి.

సాంగర్ రీడ్ (ఒక్కో ముక్కను చదివే మామూలు సీక్వెన్సింగ్) రెండు వైపుల నుంచీ చేయించండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అక్షరాలతో సరిపెట్టుకోకుండా క్రోమాటోగ్రామ్ (ఒక్కో అక్షరాన్ని ఒక్కో రంగు పీక్‌గా చూపే గ్రాఫ్) తెరిచి చూడండి. 426 దగ్గర రెండు పీక్‌లు ఒకదానిమీద ఒకటి కనిపిస్తే రెండు రకాలు కలిసి ఉన్నాయేమో అనుమానించాలి.

పార్వో, కుక్కల కరోనా, డిస్టెంపర్ వైరస్‌లు అన్నీ నెగెటివ్ అయితేనే మెటాజీనోమిక్స్ (శాంపిల్‌లో ఉన్న జన్యు పదార్థం మొత్తాన్నీ చదివే పద్ధతి) జోలికి వెళ్లండి, ఖర్చు ఎక్కువ. శాంపిల్‌ను వడకట్టి, బయట తేలే కుక్క డీఎన్ఏని న్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌తో తగ్గించి, డీఎన్ఏ, ఆర్ఎన్ఏ రెండూ తీయాలి. పక్కనే ఉత్త నీళ్లతో ఒక ట్యూబ్ కూడా మొదటి నుంచి చివరిదాకా నడపాలి. 2013లో హెపటైటిస్ రోగుల్లో దొరికిందన్న పార్వో లాంటి కొత్త వైరస్, చివరికి డీఎన్ఏ తీయడానికి వాడే ఎక్స్‌ట్రాక్షన్ కాలమ్‌లోని సిలికా నుంచి వచ్చిందని తేలింది. నీళ్ల ట్యూబ్‌లోనూ కనిపించిన వైరస్‌ని నమ్మొద్దు.

రీడ్స్‌లోంచి (మెషిన్ చదివి ఇచ్చిన ముక్కల్లోంచి) కుక్క జీనోమ్‌కి సరిపోయేవి తీసేసి, మిగిలినవి ప్రొటీన్ స్థాయిలో డేటాబేస్‌తో పోల్చండి. దూరపు వైరస్‌లు అప్పుడే దొరుకుతాయి.

దొరికింది కదా అని రిపోర్టులో 'కారణం' అని రాయకండి. 2012లో వెలుగులోకి వచ్చిన కుక్కల సర్కోవైరస్ ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ కనిపిస్తుంది, చాలాసార్లు పార్వోతో కలిసే ఉంటుంది. అదే ప్రాంతంలో, అదే వయసున్న ఆరోగ్యమైన కుక్కపిల్లల స్వాబ్‌లు కూడా పరీక్షించండి. చనిపోయిన కుక్కపిల్లకి పోస్ట్‌మార్టం చేస్తే పేగు ముక్కను ఫార్మలిన్‌లో భద్రపరచండి. దెబ్బతిన్న కణాల్లోనే వైరస్ ఉందో లేదో ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌తో (వైరస్ జన్యు పదార్థం కణజాలంలో ఎక్కడుందో చూపే పరీక్షతో) చూడటానికి అది కావాలి.