బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత పాలు పడకపోతే

గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత ఆహారం చిన్నప్రేగు మొదటి భాగాన్ని తాకకుండానే దిగువకు చేరుతుంది కాబట్టి, పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్‌కు తగినంత అవకాశం దొరకదు. అరగని ఆ చక్కెర పెద్దప్రేగులో పులిసి ఉబ్బరం, కడుపునొప్పి, విరేచనాలు కలిగిస్తుంది.

అయితే ప్రతి ఇబ్బందినీ లాక్టోజ్ మీదికి నెట్టకూడదు. పంచదార కలిపిన పాలు తాగిన అరగంటలోపే చెమట, గుండెదడ, కళ్లు తిరగడం మొదలైతే అది డంపింగ్, అంటే తీపి ఆహారం చిన్నప్రేగులోకి మరీ వేగంగా దిగడం, కావచ్చు. తేల్చుకోవడానికి పాల పదార్థాలను రెండు వారాలు మాని, తర్వాత పంచదార లేని పాలను పావు కప్పుతో మొదలుపెట్టి, ఎంత తాగితే ఏమైందో రాసుకోవాలి.

బాగా తోడుకున్న పెరుగులో సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ను ముందే వాడుకుంటాయి. పన్నీరు ఇంకా నయం, ఎందుకంటే లాక్టోజ్‌లో ఎక్కువ భాగం విరుగుడు నీటితోనే పోతుంది. (ఆ నీటిని చపాతీ పిండిలో కలిపే పొదుపరులు మీ వంతు పిండిని వేరుగా ఉంచాలి.)

చాలామంది గమనించనిది ప్రోటీన్ పొడి డబ్బా. విరుగుడు నీటి నుంచి తీసే వే ప్రోటీన్‌లో కాన్సన్‌ట్రేట్ రకంలో లాక్టోజ్ మిగిలి ఉంటుంది, మరింత శుద్ధి చేసిన ఐసొలేట్ రకంలో అది చాలా తక్కువ. పాలు మానినా రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ గుడ్డు, చేప, సోయా, మెత్తగా ఉడికిన పప్పుల నుంచి అందాలి.

బైపాస్ చేయించుకున్నవారికి సాధారణంగా రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాముల కాల్షియం సూచిస్తారు. సిట్రేట్ రూపంలో, విడతకు 500 చొప్పున, ఐరన్ మాత్రకు రెండు గంటల ఎడంతో వేసుకోవాలి. రాగిజావ మంచిదే గానీ మాత్రకు బదులు కాదు. పాలు పూర్తిగా మానినా విరేచనాలు తగ్గకపోతే, శస్త్రచికిత్స చేసిన వైద్యుణ్ణి కలవాలి.