మాక్స్ జిమ్‌లో కాదు, మీట్‌లో వేయండి

తిరుపతిలోని మా బైరాగిపట్టెడ జిమ్‌లో పవర్‌లిఫ్టింగ్ పోటీకి, అంటే మీట్‌కి, కొత్తగా పేరిచ్చిన పిల్లలు ముందు అడిగేది ఒకటే: "అక్కా, నీ డెడ్‌లిఫ్ట్ మాక్స్ ఎంత?" డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది బార్‌ను లేచి నిలబడేదాకా ఎత్తడం, మాక్స్ అంటే ఒక్కసారి ఎత్తగలిగే అత్యధిక బరువు. 120 కేజీలు అంటాను. "అయితే ఇప్పుడు వెయ్యక్కా, చూద్దాం" అంటారు. వేయను. పగలంతా బ్యాంకు కౌంటర్లో కూర్చుని వచ్చే నాలాంటి మాస్టర్స్ (నలభై పైబడ్డవాళ్ల విభాగం) లిఫ్టర్‌కే కాదు, ఇరవై ఏళ్లవాళ్లకూ నేను చెప్పేది ఇదే. వారం వారం మాక్స్ వేస్తే బలం పెరగదు, అలసట మాత్రం పేరుకుంటుంది.

నా డెడ్‌లిఫ్ట్ లెక్క చూడండి. మొదటి వారం 90 కేజీలతో ఐదేసి రెప్స్ (ఆపకుండా ఐదుసార్లు ఎత్తడం), అలా నాలుగు సెట్లు. రెండో వారం 95. మూడో వారం 100తో నాలుగేసి. ప్రతి సెట్లోనూ ఇంకో రెండు రెప్స్ వేయగలను అనిపించేటప్పుడే ఆపేస్తాను. నాలుగో వారం 75తో రెండే సెట్లు వేసి ఇంటికి పోతాను. ఆ తేలిక వారాన్ని ఎగ్గొట్టాలనే అందరికీ ఉంటుంది, ఒంట్లో బాగానే ఉంది కదా అని. బాగా ఉన్నప్పుడే బరువు దించాలి. బరువు, రెప్స్, ఎంత కష్టమనిపించింది, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాను, ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుంటాను. ఐదు గంటలే పడుకున్న రోజున బరువు తగ్గించడానికి నాకు మొహమాటం లేదు.

స్క్వాట్ (భుజాల మీద బార్‌తో కిందికి కూర్చుని లేవడం) మాత్రం ఫోన్‌తో వీడియో తీసి చూసుకోవాలి. ముందు నుంచి తీస్తే అందరి స్క్వాటూ లోతుగానే కనిపిస్తుంది. పక్క నుంచి, తుంటి ఎత్తులో ఫోన్ పెట్టండి. కిందికి దిగినప్పుడు తొడా తుంటీ కలిసే మడత మోకాలి పైభాగం కంటే కిందికి పోవాలి. అంగుళం తక్కువైనా రిఫరీ ఎర్ర లైటు వేస్తాడు, అంటే ఆ లిఫ్టు చెల్లదంటాడు. జిమ్‌లో దిగని లోతు పోటీలో ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మన ఊరి సంగతులు. అలిపిరి మెట్లు 3,550. ఎక్కేటప్పటి ఆయాసం రాత్రికే పోతుంది. కాలినడకనే దిగారంటే మాత్రం రెండు రోజులు తొడలు పట్టేస్తాయి. కొండకు పోయే వారంలో బరువు స్క్వాట్లు పెట్టుకోకండి, మీట్ ముందు వారంలో అసలు దిగకండి, బస్సుంది. పెరటాసి శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఆ రోజు బెంచ్ (పడుకుని ఛాతీ మీంచి బార్‌ను పైకి నెట్టడం) కూడా తేలిగ్గా వేసుకుంటే చాలు. మేలో మా రేకుల షెడ్డు పొయ్యిలా ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే ముగించి, ఉప్పేసిన మజ్జిగ తాగుతాం.

తిండి విషయంలో గొప్ప రహస్యం లేదు. కేజీ ఒంటి బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ పడితే చాలు. నేను పోటీ పడేది 69 కేజీల క్లాసు (ఒంటి బరువు విభాగం), అంటే దాదాపు 110 గ్రాములు. నాలుగు గుడ్లు, పెరుగు, కోడికూర, శాకాహారులైతే సోయా, పప్పు. చెనక్కాయల్లో ప్రొటీన్ ఉంది కానీ నూనె ఎక్కువ, దోసిళ్లకొద్దీ తింటే క్లాసు మారిపోతుంది. రాగి సంగటి తింటే రెండు మూడు గంటలు ఆగి బార్ పట్టుకోండి. డబ్బాల్లో అమ్మే ప్రీ వర్కౌట్లు (వ్యాయామానికి ముందు తాగే పొడులు), ఊరూపేరూ లేని లేహ్యాలు వద్దు. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలో నిషేధిత మందు దొరికితే "నాకు తెలియదు" అన్నా బాధ్యత మీదే.

ఊపిరి బిగబట్టి బరువు ఎత్తినప్పుడు బీపీ ఆ కాసేపు బాగా పెరుగుతుంది. అందుకే అప్పుడప్పుడు చూపించుకోండి, ఎక్కువుంటే డాక్టరుతో మాట్లాడాకే బరువులు. ఆడపిల్లలు ఊరికే నీరసపడుతుంటే ప్రోగ్రాం మార్చే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. నొప్పి కొద్దిగా ఉండి మర్నాటికి తగ్గిపోతుంటే బరువు దించి కొనసాగించవచ్చు. నడుము నుంచి కాల్లోకి లాగినా, తిమ్మిరెక్కినా ఆపేయాల్సిందే.

పోటీకి వస్తే, ఐపీఎఫ్ (అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ ఫెడరేషన్) రూల్స్‌లో మన ఒంటి బరువు తూకం మొదలయ్యేది లిఫ్టింగ్‌కు రెండు గంటల ముందే. నీళ్లు మానేసి ఒంటి బరువు దించితే కోలుకునే టైం ఉండదు, ఒకటి రెండు కేజీల కోసం అంత యాతన ఎందుకు, పై క్లాసులో వేయండి. మొదటి అటెంప్ట్ జిమ్‌లో మూడు రెప్స్ వేయగలిగే బరువు పెట్టండి. నాకైతే డెడ్‌లిఫ్ట్‌లో 110, తర్వాత 117.5, అంతా బాగుంటే 122.5. ఒక లిఫ్టులో మూడు అటెంప్టులూ పోతే టోటలే (మూడు లిఫ్టుల మొత్తం) ఉండదు. బెంచ్‌లో రిఫరీ చెప్పే "స్టార్ట్", "ప్రెస్", "ర్యాక్" మూడు మాటలకూ ఆగడం నెల ముందు నుంచే అలవాటు చేసుకోండి. జిమ్‌లో పక్కనున్న వాళ్లెవరైనా ఆ మాటలు గట్టిగా చెబితే సరిపోతుంది. డెడ్‌లిఫ్ట్ చివర్లో వస్తుంది, అప్పటికి గంటలు గడుస్తాయి. మధ్యలో అరటిపండో, రెండు ఇడ్లీలో తినండి. బిర్యానీ మాత్రం మూడో డెడ్‌లిఫ్ట్ అయ్యాకే.