ఏసీ గదిలోంచి సరాసరి బీచ్‌కి వద్దు

విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యోదయం తీద్దామని తెల్లారకముందే కెమెరా పట్టుకుని పరుగెత్తే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. రాత్రంతా ఏసీలో ఉన్న కెమెరాని ఇక్కడి ఉక్కగాలిలోకి తీయగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, చన్నీళ్ల గ్లాసు చెమర్చినట్టే. నా మొదటి సూర్యోదయం అలాగే పోయింది. తుడిచినకొద్దీ మసకే, ఈలోగా సూర్యుడు ఎప్పుడో పైకొచ్చేశాడు.

ఇప్పుడు రాత్రే కెమెరాని బ్యాగులో పెట్టి, జిప్పు వేసి, ఏసీ లేని హాల్లో ఉంచుతున్నా. మర్చిపోతే బ్యాగు తెరవకుండా బీచ్‌లో ఓ అరగంట ఆగుతా. టీ తాగడానికి వంక దొరుకుతుంది, అదీ లాభమే.

లెన్స్ మీద ఇసుక పడితే చొక్కా అంచుతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊది, తర్వాతే మెత్తటి లెన్స్ గుడ్డ.

అన్నట్టు, అందరూ సముద్రం వైపే తిరిగి తీస్తారు. ఎండ వచ్చాక ఓసారి వెనక్కి తిరిగి చూడండి. 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి నల్లటి ఒంటి మీద ఆ పసుపు వెలుగు పాకుతుంటుంది.

ఏం తీయాలో తోచని రోజున నేను ఫిషింగ్ హార్బర్‌కి పోతాను. వెళ్లగానే క్లిక్కుమనిపించకండి, అక్కడి జాలర్లతో నాలుగు మాటలు కలపండి. "ఏటి బాబూ, పేపరోడివా?" అని వాళ్లే నవ్వుతారు. ఆ నవ్వే తీయండి.